ఒస్కారి మలుపులో ఇండికేటరు

ఒస్కారి మలుపు పేరెత్తితే మా వైపు పెద్ద పెద్ద మీసాలవాళ్ళకే గొంతు తడారిపోతుంది. పైకి మాత్రం ఒప్పుకోరు. "ఆ దారిలో నాకేం పనుంది?" అంటారు. పనున్నా వెళ్ళరు.

రేనో హౌతలా ఇంటి నుంచి పెద్ద రోడ్డుకి అర మైలు సొంత దారి ఉంది. కాగితాల్లో దాన్ని డ్రైవ్‌వే అంటారు గానీ, నిజానికి అది అడవికి మధ్యపాపిడి తీసినట్టుంటుంది. ఇంటి నుంచి వస్తుంటే సగం దూరంలో దారి ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపులోనే దుంగలతో కట్టిన చిన్న సౌనా గది, అదే ఆవిరి స్నానాల గది ఉంది. పాత యజమాని ఒస్కారి కట్టుకున్నది. ఆయన పోయింది కూడా అక్కడే... ఓ శనివారం రాత్రి తృప్తిగా చెమటలు పట్టించుకుని, ఒంటిమీద నూలుపోగు లేకుండా బయటికొచ్చి, మంచులో పొర్లాడి, మళ్ళీ లేవలేదు. దొరికేసరికి మొహం మీద నవ్వుందట. చలికి దవడలు బిగుసుకుంటే అలాగే కనబడుతుందని డాక్టరు చెప్పాడు. మా వాళ్ళు ఒప్పుకోలేదు.

అప్పట్నుంచీ... మంచు పడే శనివారం రాత్రి ఆ గది పొగగొట్టంలోంచి పొగ వస్తుందని చెప్పుకుంటారు. మనిషి లేని గది. చూసినవాళ్ళు ఎవరంటే మాత్రం, ఎప్పుడూ పక్కవాడి బావమరిదే.

నేను చెప్పేది బావమరిది కథ కాదు. అందులో ఉన్నవాళ్ళు ముగ్గురూ మా కాఫీ హోటల్ కౌంటరు మీద మోచేతులు ఆనించి, వేరువేరు రోజుల్లో చెప్పింది. అబద్ధాలన్నీ తీసేశాను. బాగున్నవి ఒకటి రెండు ఉంచాను.

ఆ దారిలో మంచు తోసే పని మొదట్లో విల్బర్ట్ సారిది. యాభై దాటినవాడు, పెద్ద బండి, ఇంకా పెద్ద నోరు. ఓ చలికాలం ఉన్నట్టుండి ఆ పని మానేశాడు.

"మలుపులో నా బండి దానంతటదే ఆగిపోయింది" అన్నాడు నాతో గుసగుసగా. "కిటికీ అద్దం మీద ఎవరో వేలితో రాశారు..."

"ఏమని?"

"ఫిన్నిష్‌లో రాశారు. నాకు చదవడం రాదుగా."

ఫిన్నిష్ మా వైపు తాతల నాటి భాష. వాళ్ళ నాన్నమ్మకి ఇంగ్లీషు రాదు, వీడికి ఫిన్నిష్ రాదు. దెయ్యం ఎంచుకుని ఎంచుకుని వీణ్ణి ఎంచుకుంది. అయినా ఊరంతా నమ్మింది. ఇంకెవరూ ఆ దారిలో మంచు తోయడానికి రామన్నారు.

సరిగ్గా ఆ ఏడే రేనో పెళ్ళాం ఇర్యాకి నెలలు నిండుతున్నాయి. ఆస్పత్రి గంట దూరం. మంచు పడితే ఇంట్లోంచి కదలడానికి లేదు. రేనోకి ఆ దిగులు పట్టుకుని తిండి సయించలేదు. నా దగ్గర యాలకుల రొట్టె వద్దన్న మగాణ్ణి మొదటిసారి అప్పుడే చూశాను.

చివరికి ఎవరి కొట్టంలోనో మూలపడి ఉన్న పాత ప్లౌ ఒకటి కొనుక్కొచ్చాడు. అదే, బండి ముందు తగిలించే మంచు బ్లేడు. చిక్కేమిటంటే, అది ఒక కంపెనీ పికప్ కోసం చేసింది, ఇతనిది ఇంకో కంపెనీ పికప్. రేనో అదేం పట్టించుకోలేదు. కొత్త బెజ్జాలు వేశాడు, పట్టని చోట సుత్తితో నచ్చజెప్పాడు, బోల్టులు బిగించాడు. బండి కింద సగం ఇనుముంటే సగం తుప్పు. బ్లేడు తగిలించగానే బండి ముక్కు నేలకి వంగి దణ్ణం పెట్టింది. అప్పుడు వెనక తొట్టిలో ఇసుక బస్తాలు పడేసి దాన్ని మళ్ళీ మర్యాదగా నిలబెట్టాడు.

చివర్లో రెండు పసుపు తీగలు మిగిలాయి. రెండూ ఒకే పసుపు. ఏది దేనికో తేలక, కాసేపు బుర్ర గోక్కుని, ఒకదాన్ని ఇంకోదానికి చుట్టేసి నల్ల టేపు వేశాడు.

తర్వాత ఇర్యాని పిలిచి చూపించాడు. బ్లేడు పైకి లేచింది, కిందికి దిగింది, కుడికి తిరిగింది, ఎడమకి తిరిగింది. ఇర్యా నడుం మీద చెయ్యి వేసుకుని అంతా చూసింది.

"బ్లేడు ఎత్తితే హెడ్‌లైట్లు దాని వెనక్కి పోతున్నాయిగా. దారెలా కనబడుతుంది?"

"పైన వేరే లైట్లు పెట్టాలి. వచ్చే వారం పెడతా."

"అయితే లోపలున్నవాళ్ళకి కూడా చెప్పు, వచ్చే వారం రమ్మని. అప్పటికి దారి తెరుచుకోకపోతే పుట్టినవాళ్ళకి బ్లేడు అని పేరు పెట్టేస్తాను, నీ ఇష్టం."

ఇక్కడ రేనోకున్న ఒక జబ్బు గురించి చెప్పాలి. కుర్రాడిగా ఉన్నప్పుడు ఇండికేటరు వేయలేదని లైసెన్సు పరీక్షలో తప్పించారు. ఆ అవమానం ఒంటికి పట్టేసింది. అప్పట్నుంచీ ఎక్కడ బండి తిప్పినా ఇండికేటరు వేస్తాడు. చుట్టూ అడవి, చిమ్మచీకటి, సొంత దారి... అయినా వేస్తాడు. "ఎవరికి చూపిస్తున్నావు? ఎలుగుబంట్లకా?" అని ఇర్యా ఏడిపించేది. షెడ్డులో బ్లేడు పరీక్ష చేసినప్పుడు మాత్రం వేయలేదు. షెడ్డులో ఎవరు వేస్తారు?

ఆ శనివారం సాయంత్రం మంచు మొదలైంది. మా పక్కనున్న పెద్ద సరస్సు మీంచి వచ్చే మంచు మాకు కొత్త కాదు గానీ, ఆ రాత్రి పడినట్టు పడితే మేమూ కిటికీ దగ్గర నిలబడి తిట్టుకుంటాం. అర్ధరాత్రి ఇర్యా మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"లే. వచ్చే వారం వచ్చేసింది."

రేనో బూట్లు ఎడాపెడా తొడుక్కుని ఆమెని పికప్‌లో కూర్చోబెట్టాడు. మంచు మోకాళ్ళు దాటి ఉంది. మొత్తం ఒకేసారి తోస్తే బండి లాగలేదని, బ్లేడు కాస్త ఎత్తి పైపైన గీసుకుంటూ బయల్దేరాడు. ఎత్తిన బ్లేడు లైట్లని మింగేసింది. ముందు కనబడుతున్నది పళ్ళెమంత వెలుగు, అందులో గిరగిరా తిరిగే మంచు... అంతే.

"నెమ్మదిగా పోనీ..." అంది ఇర్యా. కాసేపాగి, పళ్ళు బిగించి, "అంత నెమ్మదిగా కాదు!" అంది.

మలుపు దగ్గర పడింది. ఆమె ఊపిరి బిగబట్టింది. అతనూ బిగబట్టాడు. నొప్పి ఆమెది, భయం ఇతనిది.

అలవాటు కొద్దీ రేనో చెయ్యి లివరు మీదికి పోయింది. ఎడమ ఇండికేటరు. టిక్... టిక్...

దబ్!

బ్లేడు దానంతటదే కింద పడింది. గడ్డకట్టిన నేలలో దిగబడింది. బండి ఒక్క కుదుపుతో పక్కకి జారి, మంచు గట్టులో ముక్కు దూర్చి ఆగిపోయింది.

రేనో బ్లేడు ఎత్తే మీట నొక్కాడు. బ్లేడు జానెడు లేచింది... దబ్! మళ్ళీ పడింది. మళ్ళీ నొక్కాడు. లేచింది... దబ్! ఎవరో బయట నిలబడి, రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగుతున్నట్టే ఉంది.

"రేనో..." ఇర్యా గొంతు సన్నగా వచ్చింది. "పొగ వాసన వస్తోంది. నీకూ వస్తోందా?"

వస్తోంది. కాలుతున్న బర్చ్ కట్టెల వాసన. అతను మెల్లగా తల తిప్పాడు. సౌనా పొగగొట్టంలోంచి తెల్లటి పొగ... చిన్న కిటికీలో ఎర్రటి వెలుగు...

కిర్రుమని తలుపు తెరుచుకుంది.

బయటికొచ్చింది తెల్లగా, బోడిగా, పొడుగ్గా ఉంది. ఒళ్ళంతా ఆవిర్లు కక్కుతోంది. చేతిలో, సౌనాలో ఒంటికి కొట్టుకునే ఆకుల కట్ట ఉంది. మంచులోకి రెండడుగులు వేసి, చేతులు చాపి "హూ...హ్!" అని అరిచింది. రేనోకి ప్రార్థన చెయ్యాలని తోచింది గానీ ఒక్క ముక్కా గుర్తు రాలేదట.

ఇర్యా మాత్రం కిటికీ అద్దం దించి, కళ్ళు చికిలించి చూసింది.

"విల్బర్ట్! సిగ్గులేదా నీకు?"

దెయ్యం ఆకుల కట్టని ఎక్కడ అడ్డం పెట్టుకోవాలో అక్కడ పెట్టుకుంది.

"ఇర్యా... నేను... ఇటుగా వెళ్తూ..."

"బట్టల్లేకుండానా? సరే, మాటలు తర్వాత. నన్ను దింపండి. ఆస్పత్రి దాకా ఆగేది కాదిది."

"ఇక్కడా?" రేనో గొంతు కీచుమంది. "ఈ గదిలోనా? ఇర్యా, ఇది ఒస్కారి..."

"మా అమ్మమ్మ సౌనాలోనే పుట్టింది, వాళ్ళమ్మా సౌనాలోనే పుట్టింది. వెచ్చగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది. నీ బండిలో ఏముంది, ఇసుక బస్తాలు! పట్టుకో నన్ను."

ఇద్దరు మగాళ్ళూ ఆమెని లోపలికి నడిపించారు. గది వెచ్చగా ఉంది, మరీ వేడిగా లేదు. బల్ల పక్కన బకెట్ నిండా గోరువెచ్చని నీళ్ళు, గోడ వారగా మడత పెట్టిన దుప్పటి. విల్బర్ట్ గబగబా ప్యాంటు ఎక్కించుకుంటూ, "భయపడకు తల్లీ, నా చేత్తో ఎన్నో దూడల్ని..." అన్నాడు.

"ఇంకోసారి దూడ అన్నావంటే ఆ బకెట్టెడు నీళ్ళూ నీ నెత్తిన పోస్తా!"

రేనో ఆమె తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. మా హోటల్లో అప్పటిదాకా నవ్వులాటగా ఈ కథ చెప్పినవాడు, ఇక్కడికొచ్చేసరికి కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు. "చాలాసేపు నా ఇర్యా మాట్లాడలేదు" అన్నాడు. "అది తిట్టకపోతే ఎంత భయమేసిందో నీకు తెలీదు. నా చేత్తో బిగించిన బ్లేడే దాన్ని చంపేస్తోందనుకున్నాను."

తర్వాత ఒక ఏడుపు వినబడింది. సన్నగా, కోపంగా, అచ్చం తల్లి గొంతే. ఆడపిల్ల.

విల్బర్ట్ బండి అడవి వెనక కట్టెల దారిలో దాచి ఉంది. ఆ పెద్ద బ్లేడుతో ముందు తోసుకుంటూ, వీళ్ళని తన బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. బయల్దేరేముందు ఇర్యా మొగుణ్ణి ఆపింది.

"పొయ్యి మీది రాళ్ళపైన ఒక ముంత నీళ్ళు పోసి రా. చివరి ఆవిరి ఆ గదిని కాచే ఇంటాయనకి వదలాలి. మా అమ్మమ్మ ఎప్పుడూ వదిలేది."

రేనో పోశాడు. రాళ్ళు బుస్సుమన్నాయి. తలుపు మూసి వచ్చేశాడు.

మంచు కరిగాక రేనో బండి కింద దూరి చూస్తే అసలు దెయ్యం దొరికింది. ఆ రెండు పసుపు తీగలే. బ్లేడు దించే తీగని ఇండికేటరు తీగకి చుట్టాడు. లివరు వేసినంతసేపూ ప్రతి టిక్‌కీ బ్లేడు దిగుతుంది. మా హోటల్లో ఆ ముక్క చెప్పగానే నవ్విన నవ్వుకి కాఫీ గిన్నెలు గలగలలాడాయి. ఊళ్ళో ఎవరైనా ఇండికేటరు వేస్తే చాలు, పక్కవాళ్ళు "జాగ్రత్త, బ్లేడు!" అని అరవడం అప్పుడే మొదలైంది.

విల్బర్ట్ గుట్టు కూడా బయటపడింది. వాళ్ళావిడ ఇంట్లో సౌనాని క్రిస్మస్ సామాన్లతో నింపేసింది. ఓ శనివారం మంచు తోస్తూ ఈ గది వెచ్చగా ఉండడం చూసి, లోపలికి దూరి, రుచి మరిగాడు. ఇంకెవరూ రాకుండా అద్దం మీద రాతల కథ అల్లాడు. అల్లాక, అదే దారిలో మంచు తోస్తే నమ్మరని పని కూడా వదులుకున్నాడు. స్నానం కోసం కూలి పోగొట్టుకున్న మొనగాడు అతనొక్కడే.

హోటల్లో అందరూ నవ్విన ఆ రోజే రేనో లేచి వెళ్ళి, అక్కడే ఉన్న విల్బర్ట్ చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, మిమ్మల్ని నేనేం అనను. ఆ రాత్రి మీరు పొయ్యి వెలిగించి ఉండకపోతే నా పెళ్ళాం, పిల్లా ఏమయ్యేవాళ్ళో... మీ మేలు మర్చిపోను."

విల్బర్ట్ నవ్వు ఆగిపోయింది.

"నేను వెలిగించడమేంట్రా అబ్బాయ్? నువ్వేగా వెలిగించేది?"

"నేనా? నాకు ఇంట్లో కరెంటు సౌనా ఉంది. ఆ గదిలో ఆ రాత్రి దాకా కాలే పెట్టలేదు."

"ప్రతి శనివారం నువ్వు వెలిగించుకుని, స్నానం చేసి వెళ్ళాక, మిగిలిన వేడిలో దొంగతనంగా దూరేవాణ్ణనుకున్నాను. ఇన్నాళ్ళూ... నేనెప్పుడూ ఒక్క అగ్గిపుల్ల గీయలేదు!"

"మరి ఆ బకెట్టు నీళ్ళు? దుప్పటి?"

విల్బర్ట్ తల అడ్డంగా ఊపాడు. నా చేతిలో ఉన్న కెటిల్ నేనే కింద పెట్టేశాను.

తర్వాత రేనో తీగలు సరిచేశాడు, పైన లైట్లు పెట్టాడు. ఇప్పుడు ఆ బ్లేడు చెప్పిన మాట వింటుంది. మలుపు దగ్గర ఇండికేటరు మాత్రం వేస్తూనే ఉన్నాడు. ఎవరికని ఇర్యా అడగడం మానేసింది.

మొన్న శనివారం, పిల్ల వెనక సీట్లో నిద్రపోతుంటే, ఆ మలుపు దగ్గర రేనో ఏదో ఆలోచనలో పడి ఇండికేటరు మర్చిపోయాడట. ఇర్యాయే చెయ్యి చాపి లివరు వేసింది.

టిక్... టిక్...

"చూశాడు. ఇక పోనీ" అంది.