పేరు కాడ సుజన అని కొట్టిండు

నాకు ఒళ్లు మండిపోతున్నది. ఎల్బీనగర్‌ల ఇంటర్వ్యూకొచ్చి కూసున్న. లోపలికి పిలిచే ముందు నా వెబ్‌సైట్ ఒక్కసారి చూసుకుందామని ఫోన్ల తెరిచిన. నేను చేసిన పేజీలు లెవ్వు. స్క్రీన్ నిండ బత్తాయిలు! "మల్లేశం ఫ్రూట్స్, బాటసింగారం" అని పైన పెద్ద అక్షరాలు.

మల్లేశం అంటే ఎవరో కాదు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌ల నా పక్క సిస్టమ్ మీద కూసునే రంజిత్ వాళ్ల నాయన. వెంటనే ఫోన్ కొట్టిన.

"ఏం చేసినవ్ రంజిత్? నా సైట్ ఏది?"

"ఏమైంది? జర మెల్లగ చెప్పు."

"మెల్లగనా? ఆ సైట్ చూసే నాకు ఉద్యోగం ఇస్తరు. ఇప్పుడు తెరిస్తే మీ బత్తాయిలు కనపడ్తున్నయ్!"

"మా నాయన సైట్ ఇప్పుడే ఆన్‌లైన్‌ల పెట్టిన గదా!" అన్నడు.

అసలు మా కోచింగ్ సారును అనాలె. సైట్ ఆన్‌లైన్‌ల పెట్టుడు పెద్ద కథ కాదు. ఫోల్డర్‌లకు పోయి 'డిప్లాయ్' అని ఒక్క కమాండ్ కొడితే, ఏ పేరు మీద పెట్టాల్నో అడుగుతది. పేరు కొడితే అయిపాయె. ఆ పేరు వేరేటోళ్లదైతే ఒప్పుకోదు. మా సారేమో బ్యాచ్ మొత్తానికి ఒక్కటే లాగిన్ ఇచ్చిండు. అందుకే అది మేమందరం ఒక్కరమే అనుకొని, ఆ పేరు మీద ఉన్నది తుడిచేసి కొత్తది పెడ్తది.

"పేరు కాడ ఏం కొట్టినవ్?"

"సుజన అని."

"మీ నాయన బత్తాయిలకు నా పేరెందుకయ్యా?"

"పేరు అడిగింది. ఏదో ఆలోచనల ఉన్న. చెయ్యి దానంతట అదే కొట్టింది."

కోపం నషాళానికెక్కింది. చెంపలు గూడ ఎందుకో వేడెక్కినయ్, కానీ దానికి టైమ్ లేదు.

"నా ఫోల్డర్ కోచింగ్‌ల నా సిస్టమ్‌లనే ఉన్నది. అండ్లకు పోయి డిప్లాయ్ కొట్టు. పేరు నాదే కొట్టు, నీకు బాగ అలవాటే కదా!"

కీబోర్డు టకటక ఇనపడ్డది.

"సుజన గారెవరండీ? లోపలికి రమ్మంటున్నారు," అన్నది రిసెప్షన్ అమ్మాయి.

రిఫ్రెష్ కొట్టిన. బత్తాయిలే. మళ్ల కొట్టిన. నా పేజీ వచ్చింది. ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటర్వ్యూ అయిపోయి బయటికొస్తే ఒకటే వాన. మెట్రో మెట్ల కాడ రంజిత్ తడిసి ముద్దై నిలబడ్డడు. నన్ను చూడంగనే "సారీ సుజనా" అని మొదలుపెట్టిండు.

"నీ సారీ ఎవరికి కావాలె? ఉద్యోగం ఇచ్చిండ్రు."

ముఖమంత నవ్వైపోయింది ఆయనకు. అది చూస్తే నాకు ఇంకింత మండింది.

"నవ్వకు! ఉద్యోగం రాకపోతే ఎట్లుండేది? మనసుల ఏమన్న ఉంటే నాకు చెప్పాలె గని, కంప్యూటర్‌కు చెప్తరా?"

"చెప్తే కోప్పడ్తవని."

"ఇప్పుడు కోప్పడ్తలేనా?"

ముఖం మీది వాన నీళ్లు చేత్తోని తుడుచుకున్నడు. తర్వాత నా దిక్కు తిరిగిండు. "నువ్వంటే నాకు పానం, సుజనా."

"నాకు గూడ!" అని అరిచిన. మెట్లెక్కేటోళ్లు ఆగి చూసిండ్రు. చూస్తే చూడనీ. "గా ముక్క ముందే చెప్తే ఏం పోయేది నీకు?"