ఇత్తడి బిళ్ళ మీది నొక్కు

“ఏజెంట్ నైన్! మధ్యాహ్నం మూడు నలభైకి ఆ కొండ రైలు లైన్లో పేలుడు. శత్రువుల కోడ్‌వర్డ్ ‘పాతపుస్తకం’. ఆపండి. సాయానికి మన మనిషి వస్తుంది.”

చీఫ్ ఫోన్ పెట్టేశాడు. నైన్‌కి ఒళ్ళు మండింది. ఎన్ని రాజధానుల్లో ఎన్ని ముఠాల్ని పట్టుకున్నాడని! చివరికి చేతిలో అట్ట, చెవి మీద పెన్సిలు, ప్రయాణికుల్ని లెక్కపెట్టే గుమాస్తా వేషం. రహస్య వాచీ రేడియోలో కొండల వల్ల గరగర తప్ప ఏమీ వినిపించడం లేదు.

ఖనిజం మోయడానికి ఎనభై ఏళ్ళ క్రితం వేసిన లైను అది. గని ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు రోజూ రెండుసార్లు తిరిగే రైలుబస్సు, వారానికొకసారి స్టేషన్ వెనక ఫ్యాక్టరీ నుంచి వెళ్ళే మందుగుండు గూడ్సు, అంతే. పట్టాలు ఒక్క వరసే కాబట్టి ఇత్తడి బిళ్ళా ఒక్కటే. అది చేతిలో ఉన్న డ్రైవరే బండి కదపాలి.

“లైను మూసేయడానికొచ్చావా, నాయనా?” ప్లాట్‌ఫామ్ మీద ఓ ముసలావిడ నిలదీసింది. “బస్సు రోడ్డు కూడా లేదు మాకు. మేం ఎగిరి వెళ్ళాలా?”

“లెక్కపెట్టడానికే అమ్మా!” అంటూ తప్పించుకున్నాడు నైన్.

బెంచీ మీద నల్లకళ్ళద్దాల సుందరి కూర్చుంది. చీఫ్ పంపిన మనిషి. “కంగారెందుకు డార్లింగ్?” అంది. ఆమె ఒళ్ళో ఈ లైను ప్రారంభోత్సవం నాటి పుస్తకం ఉంది. పాతపుస్తకం! లాక్కుని తెరిచాడు. బిళ్ళ ఫొటో చుట్టూ పెన్సిలుతో కొలతలు. ఆమె రెండువైపులా పనిచేస్తోందన్నమాట! నకలు బిళ్ళ ఇచ్చి గూడ్సును ఎదురొచ్చే రైలుబస్సు మీదికి పంపుతారు. అందులో అరవై మంది ఉంటారు.

సుందరి చేతిని బెంచీకి బేడీ వేసి స్టేషన్ మాస్టర్ గదిలోకి పరిగెత్తాడు. “గూడ్సు ఆపించండి!”

“అసలు బిళ్ళ రైలుబస్సులో ఉంది సార్. గూడ్సు కదలదు.”

“కదలబోతోంది! ఆపమంటున్నాను!”

“కదలని బండిని ఆపాలన్నా మెమో కావాలి సార్. హెడ్డాఫీసుకు అడిగి పంపాను. కూర్చోండి.”

నైన్ జుట్టు పీక్కున్నాడు. అంతలో కూత వినిపించింది. టైము మూడు ముప్ఫై తొమ్మిది. ప్లాట్‌ఫామ్ చివర పోర్టర్ వేషంలో ఉన్నవాడు గూడ్సు డ్రైవర్ చేతికి బిళ్ళ అందించాడు. ఇంజను ఓ కుదుపు కుదిపింది. నైన్ పిస్టల్ తీసి పరిగెత్తాడు. అందుకోవడం అసాధ్యం. దేవుడా, అరవై మంది!

బండి నాలుగడుగులు వేసి కీచుమంటూ ఆగింది. డ్రైవర్ కిందికి దూకి పోర్టర్ చొక్కా పట్టుకున్నాడు. “ఎవడ్రా నువ్వు? ఇది మా బిళ్ళ కాదు! నా బొటనవేలు కూర్చునే నొక్కు ఏదీ?”

“ఫొటోలో అంచు గుండ్రంగానే ఉందే!” బెంచీ దగ్గర్నించి సుందరి ఉక్రోషంగా అరిచింది.

“అది మొదటిరోజు ఫొటో అమ్మా. మర్నాడే, అప్పటి డ్రైవరు మా నాన్న, దాన్ని చక్రం కింద పడేశాడు. ముప్ఫై ఏళ్ళుగా నేను పట్టుకుంటున్నా, నాకు తెలీదా?”

మలుపులో రైలుబస్సు నింపాదిగా కనిపించింది. కిటికీల్లో జనం కబుర్లాడుకుంటున్నారు. నైన్ పిస్టల్ జేబులో పెట్టుకున్నాడు. డ్రైవర్‌కి దండం పెట్టాలనిపించింది.

స్టేషన్ మాస్టర్ కాగితం ఊపుతూ, ఆయాసపడుతూ వచ్చాడు.

“మెమో వచ్చింది సార్. ఇక గూడ్సు ఆపుకోవచ్చు.”