తువాలు కింద బేరం

"తువాలు తీసెయ్యండి. ధర నోటితో చెప్పండి" అంది కరీమున్.

అద్దంకి మిరపకాయల బజారులో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. అక్కడ బేరం నోటితో జరగదు. కొనేవాడూ కొట్టు మనిషీ చేతులు కలుపుకుంటారు. పైన తువాలు కప్పుతారు. లోపల వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పంట పండించిన రైతు పక్కనే నిలబడి తువాలు వంక చూస్తాడు. అతనికి కనపడేది అదే.

గుంటూరు నుంచి వచ్చిన వ్యాపారి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీ నాన్నని పిలువమ్మా."

"మా నాన్నకి కుడిచెయ్యి పడిపోయి నాలుగు నెలలైంది. మీకూ తెలుసు. నా చెయ్యి పట్టుకోవడానికి మీకు మొహమాటం. పట్టుకోనివ్వడం నాకు ఇష్టం లేదు. నోరు ఇద్దరికీ ఉంది కదండీ."

వ్యాపారి రోడ్డు దాటి ఎదురుగా ఉన్న హయాత్ కొట్టులోకి వెళ్ళిపోయాడు.

ఆ రెండు కొట్లూ పదకొండేళ్ళ కిందట ఒకటే. కరీమున్ తండ్రి బుడాన్, హయాత్ భాగస్తులు. ఎన్నికలప్పుడు మునసబు వర్గం ఊరేగింపుకి బుడాన్ కుండతో మజ్జిగ పోశాడు. హయాత్‌ది కరణం వర్గం. కుండ ఉమ్మడి కొట్టుది. అంతే, కొట్టు రెండైంది. మూడేళ్ళ కిందట సర్కారు మునసబుల్నీ కరణాల్నీ తీసేసింది. పదవులు పోయాయి గాని వర్గాలు పోలేదు. ఇద్దరూ ఈ పదకొండేళ్ళలో ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడలేదు.

మధ్యాహ్నం హయాత్ కొడుకు జాన్ బాషా విసురుగా రోడ్డు దాటి వచ్చాడు.

"కరీమున్, నీకేమన్నా పిచ్చా? పొద్దున్నించీ మా రైతులు నా ప్రాణం తీస్తున్నారు. అక్కడ ధర నోటితో చెప్తారంట, ఇక్కడెందుకు చెప్పరని."

"చెప్పండి మరి. ఎవరు అడ్డం?"

"మా నాన్న."

"ఇరవై అయిదేళ్ళొచ్చాయి కదండీ మీకు."

"అండీ ఏంటి? చిన్నప్పుడు ఒరేయ్ అనేదానివి."

"చిన్నప్పుడు కొట్టు ఒకటే. ఇప్పుడు మీరు ఎదుటి పార్టీ."

అతనికి ఒళ్ళు మండింది. ఇంకేదో అనబోయాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావా?"

"మిరపకాయల కొట్టులో నిలబడి ఆ ప్రశ్న అడిగినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. ఘాటు."

అతను వెళ్ళబోతుంటే వెనకనుంచి అంది, "శుక్రవారం దాకా చూస్తామన్నారు రైతులు. ఈ నలభై బస్తాలు అప్పటికి కదలకపోతే మోసుకుపోయి మీ కొట్టులో వేస్తారు. మేం తలుపులు మూసుకుంటాం. మీకు మంచిదే."

జాన్ బాషా వచ్చినంత విసురుగానే రోడ్డు దాటాడు. ఆ రోజు భోజనం మాత్రం సరిగా చెయ్యలేదు.

గురువారం సాయంత్రం వేళకాని వేళ వాన వచ్చింది. ఆరుబయట నలభై బస్తాల మిరపకాయలు. కరీమున్ ఒక్కతే రెండు చాపలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. జాన్ బాషా నాలుగు టార్పాలిన్లు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. అవి కరణం వర్గం మీటింగులకి కొన్నవి. ఒక్కోదాని మీద ఆ వర్గం పేరు మూరెడేసి అక్షరాల్లో ఉంది.

"ఇవి కప్పితే మా వాళ్ళు ఊరుకోరు" అంది కరీమున్.

"కప్పకపోతే మీ సరుకు ఊరుకోదు. ఆ చివర పట్టుకో."

పట్టుకుంది. వాన ఇద్దర్నీ ముద్ద చేసింది. తాడు ముడి వేస్తూ అతను ఆమె వంక చూశాడు. ఆమె ముడి వంక చూసింది.

"అది ఊడిపోతుంది. చిన్నప్పుడూ నీకు ముడి చేతకాదు" అని విప్పి మళ్ళీ తనే కట్టింది.

తెల్లారేసరికి రెండు వర్గాలూ గోల మొదలుపెట్టాయి. మా వర్గం పేరు వాళ్ళ సరుకు మీదా అని వీళ్ళు, మా సరుకు మీద వాళ్ళ పేరా అని వాళ్ళు. తడవని బస్తాల గురించి ఎవరూ మాట్లాడలేదు.

జాన్ బాషా చిరాకుపడి రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. సరుకు కొనమని గుంటూరు నుంచి వచ్చిన ఆర్డరు ఒకటి అతని చేతిలో ఉంది.

"క్వింటాలు ఎనిమిది వందలు" అన్నాడు, బజారంతా వినపడేలా.

"తొమ్మిది వందలు" అంది కరీమున్, గడపలో నిలబడి.

"ఎనిమిది వందల యాభై."

"డెబ్బై. ఇక తగ్గను."

"సరే."

తన పంట ధర చెవులారా విన్న రైతు ఒకడు రోడ్డు పక్కన చతికిలబడిపోయాడు.

"బేరం అయింది కదా, వెళ్ళండి" అంది కరీమున్.

"ఇంకో మాట ఉంది. అది కూడా నోటితోనే చెప్పాలా?"

"తువాలు కింద చెప్పే మాటైతే నాకు అక్కర్లేదు."

"నిన్ను చేసుకుంటాను" అన్నాడు, అదే గొంతుతో.

కరీమున్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి తలుపు కొంచెం తెరిచి, "మా నాన్నని అడుగు" అంది.

అడగడం ఎలా? పెళ్ళికూతురికి ఇవ్వాల్సిన మెహర్ ఖాయం చెయ్యాలంటే పెద్దలు మాట్లాడుకోవాలి. పెద్దలిద్దరికీ మాటల్లేవు. చివరికి ఆదివారం హయాత్ వచ్చి బుడాన్ ఎదురుగా కూర్చుని, ఒక్క మాట అనకుండా చెయ్యి చాచి తువాలు కప్పాడు. అలవాటు కొద్దీ బుడాన్ ఎడమచేత్తో తన కుడిచెయ్యి ఎత్తి తువాలు కిందికి తోశాడు.

పది నిమిషాలు గడిచాయి. పావుగంట దాటింది. ఇద్దరూ తలలు వంచుకునే ఉన్నారు.

కరీమున్‌కి ఓపిక అయిపోయింది. వచ్చి తువాలు లాగేసింది.

హయాత్ వేళ్ళు ఏ ధరా నొక్కడం లేదు. అతను బుడాన్ చచ్చుబడిన వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని నిమురుతున్నాడు.

"దీనికి నూనె రాస్తున్నారా?" అన్నాడు హయాత్. పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట.

"అమ్మాయి రాస్తోంది" అన్నాడు బుడాన్. మళ్ళీ తనే, "మజ్జిగ కుండ నీ దగ్గరే ఉంది" అన్నాడు.

"పంపిస్తాలేరా."

"మావయ్యా, నా మెహర్ నేనే చెప్తాను" అంది కరీమున్. "మీ కొట్టులో కూడా ఇక తువాలు ఉండకూడదు. రైతుకి ధర వినపడాలి."

హయాత్ తల ఊపాడు.

"ఊపితే కుదరదు. నోటితో చెప్పండి."

"ఒప్పుకున్నానమ్మా" అన్నాడు హయాత్, విసుగ్గా, వీధి గుమ్మం దాకా వినపడేలా.

జాన్ బాషా కిందపడిన తువాలు తీసి దులిపాడు. అందరికీ తుమ్ములొచ్చాయి.