జైలు ఎదుటి సంగటి పొయ్యి

సబ్‌జైలును వీధిలోంచి పోగొట్టింది కూతురు అమరావతే. ఇందులో చిన్నస్వామికి అనుమానం లేదు. పుంగనూరులో ఆ జైలు ఎదుట ఏళ్ల తరబడి సంగటి అమ్మినవాడు. ఖైదీలను చూడ్డానికి ములాఖత్‌కు వచ్చే జనమే ఆ వీధికి కూడు పెట్టారు. అధికారులు వచ్చి అడిగినప్పుడు వీధంతా జైలు ఇక్కడే ఉండాలంది. అతని కూతురు ఒక్కతే లేచి, లోపల పడుకోవడానికి చోటు లేదు, పెద్దది కట్టండి అంది. రెండేళ్లకు జైలు ఊరి బయట లేచింది.

ఆ ఉదయం పొయ్యి వెలిగించినా ఎవరూ రాలేదు. ఎదురుగా సోడాల అబ్దుల్ రహీం సీసాలు సర్దుకుంటున్నాడు.

"మదనపల్లెకు పోతాండానన్నా. ఈడ ఈగలకు సోడా తాపించాల్నా?"

చిన్నస్వామి నవ్వలేదు. లోపలికి తిరిగి, "ఇనపడిందా? అంతా నీ పుణ్యమే" అన్నాడు.

అమరావతి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మనమూ కొత్త జైలు కాడికి పోదాం నాయనా. ఆడ ఆడోళ్లు ఎండలో కూర్చోనుండారు. గుక్కెడు నీళ్లు పోసే దిక్కు లేదు."

"బేరం సంపి దోవ సూపిస్తావా? లోపల జనం కిక్కిరిసుంటేనే గదా మనకు నాలుగు ముద్దలు పోయేది!"

"ఆ మాటే అమ్మకు మింగుడుపడలేదు."

"సచ్చిపోయిన దాని పేరు ఎత్తొద్దు. ప్రతి శనివారం ఒక్కపొద్దుండి కూడా ఈ పొయ్యి కాడ నిలబడింది, మహాతల్లి."

"ఒక్కపొద్దు కాదు నాయనా. శనివారం ములాఖత్. ఆడోళ్లు లోపలోళ్లకు పొట్లం కట్టించుకోని, తాము నీళ్లు తాగి పోతాండిరి. అమ్మ తన ముద్ద పెరటి తలుపు కాడ వాళ్లకు పెట్టేది. తెలిస్తే తిడతావని దేవుడి పేరు చెప్పింది. లోపల మొగోళ్లు వంతులేసుకోని పడుకుంటాండారని వాళ్లే చెప్పిరి. ఎవురన్నా అడిగితే చెప్పమ్మా అనింది నాతో."

భార్య భక్తిని చిన్నస్వామి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఆమె ఆకలితో నిలబడిందని ఒక్కసారీ అనుకోలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కూతురు భుజం పట్టుకుంటే తోసెయ్యలేదు.

మరుసటి శనివారం కొత్త జైలు గోడ దగ్గర సంగటి తప్పేలా ఆటోలోంచి దింపింది అతనే. ఒకామె పొట్లం కట్టించుకుని వెనక్కి తిరిగింది.

"కూర్చోమ్మా" అని ఆకులో ముద్ద పెట్టి, పక్కన ఊరుబిండి పచ్చడి వేశాడు.

"దుడ్డు లేదప్పా."

"నేను అడిగితినా?"

మదనపల్లె మానుకుని సోడా బండి అక్కడికే తెచ్చుకున్న రహీం నవ్వాడు. "ఏమన్నా, ఉత్తగా పెడతాండావు? జైలును తరిమింది కూతురేనని వీధంతా తిడితివే!"

చిన్నస్వామి గరిటె ఆపాడు.

"రహీం, జైలు సంగతి గానీ, అమరావతి వాళ్లమ్మ ఒక్కపొద్దు సంగతి గానీ నా కాడ ఇంకెప్పుడూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."