గాదిలింగప్ప ఇంజను

కౌల్ బజార్‌లో పత్తి మిల్లు వెనకాల ఒక ఇంజను కొట్టం ఉంది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ సందులో మనిషన్నవాడు నడవడు.

నేనైతే పగలు కూడా నడవను. తప్పనిసరైతే పాట పాడుకుంటూ నడుస్తాను. నా పాట విన్నాక దెయ్యమైనా దూరంగానే ఉంటుందని నా ధైర్యం. ఇంట్లోవాళ్ళ అనుభవం కూడా అదే.

బళ్ళారిని మైసూరులో కలిపిన మరుసటేడు, ఆ కొట్టంలో ఇంజను డ్రైవరు గాదిలింగప్ప చచ్చిపోయినాడు. అమాస పూజ చేసి, శాస్త్రానికని ఇంజను తిప్పినాడు. అది ఆగమంటే ఆగలేదు. ఆయిలు కొళాయి కట్టేసినాడు — అయినా ఆగలేదు. ఇంకా జోరందుకుంది. పెద్ద చక్రం మీది తోలు పట్టా తప్పించబోతే, పట్టా అతన్నే లాక్కుంది...

జనం వచ్చి చూస్తే కొళాయి కట్టేసే ఉంది. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంది.

చుక్క ఆయిలు అందకుండా ఇంజను ఎట్లా తిరుగుతుంది? ఎవరో తిప్పుతుంటే తప్ప!

ఆ పొద్దే కొట్టానికి తాళం పడింది. ఆ తర్వాత ప్రతి అమాసకూ లోపల దీపం వెలుగు కనపడేదట. ఎవరో గొణిగినట్టు వినపడేదట.

ఇక్కడినుంచి కథంతా గురురాజ నాకు చెప్పిందే. మొన్న మోక ఊరి బస్సు కోసం చెట్టు నీడన కూచున్నప్పుడు చెప్పినాడు. ఊరు పేరు ఉంచి, మనుషుల పేర్లన్నీ మార్చినాను.

గురురాజ కుడతిని ఊరి మనిషి. ఒక ఇంగ్లీషు పుస్తకం, ఒక నిఘంటువు పక్కపక్కన పెట్టుకుని ఇంజన్లు నేర్చుకున్నాడు. నేనూ అట్లాగే గడియారం రిపేరు నేర్చుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు పొద్దు చూసుకోవాలంటే పక్కింటికి పోతాం. కానీ గురురాజ నాలాంటోడు కాదు. చెయ్యి తిరిగినోడు.

కొట్టానికి తాళం పడిన ఏడాదికి మిల్లు యజమాని విరూపాక్షయ్య సావుకారి అతన్ని పిలిపించినాడు.

"ఒకే ఇంజను మీద పత్తి మిషిన్లూ తిరగాల, నూనె గానుగలూ తిరగాల. అయితాదేమప్పా?"

"అయితాది సావుకారీ. గవర్నరు మార్చాల."

గవర్నరంటే ఇంజను లోపలి పెత్తందారు. బరువు పడితే ఆయిలు ఎక్కువ వదులుతాడు, తేలికైతే తగ్గిస్తాడు. మిల్లులో ఏది తిరిగినా ఆయన దయవల్లే. ఆయన మీద చెయ్యి వేస్తే మిల్లంతటి మీదా వేసినట్టే.

"చేసి సూపిస్తే మిల్లు మేస్త్రీవి నువ్వే," అన్నాడు సావుకారి. "చెయ్యలేకపోతే మాత్రం ఈ బజార్లో ఇంకెవురూ నీ చేతికి స్పానరియ్యరు. తెలిసిందా?"

గురురాజకు పుస్తకం నేర్పిన పద్ధతి ఒకటుంది. లోపలి భాగం మార్చాలంటే ముందు ఏదీ మార్చొద్దు. ఉన్నది ఉన్నట్టు ఒకసారి నడిపి చూడు. ఆ తర్వాత ఒక్కటి మార్చు — ఒక్కటే. పాతదాన్ని పారెయ్యకుండా చేతికి అందేచోట పెట్టుకో.

నడిపే ముందు ఇంజను కడుపు విప్పి చూడమని కూడా ఆ పుస్తకంలో ఉందట. అది తర్వాతి పేజీలో ఉంది. నిఘంటువు అంతదాకా రాలేదు.

ఇంజను తల మీది ఇనప బుడ్డిని మంటతో కాల్చి ఎర్రగా చేస్తేనే అది అంటుకుంటుంది. ఆ ఎరుపు చీకట్లో అయితేనే తెలుస్తుంది. అందుకని పొద్దు గుంకినాక తాళం తీసినాడు. తీరా చూస్తే ఆ పొద్దు అమాస. పత్తి బండ్లు దారిలో ఉన్నాయని సావుకారి తొందర.

వాకిట్లో గాదిలింగప్ప పెండ్లాం సిద్దక్క నిలబడి ఉంది. మిల్లు వెనక గదిలోనే ఆమె కాపురం.

"ఈ పొద్దు బేడప్పా, తిప్పొద్దు... నీ కాళ్ళు మొక్కుతా."

"ఏమీ మార్చనక్కా. ఉత్తగ తిప్పి సూస్తా, అంతే."

ఆమె చీకట్లోకి పోయింది.

బుడ్డి ఎర్రబడింది. చక్రం ఊపినాడు. టక్... టక్... టక్... ఇంజను మేలుకుంది. గురురాజకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయట. ఏడాది నిద్రపోయింది గదా!

టక్ టక్... టక్ టక్...

కొంచెం జోరెక్కువైంది. గవర్నరు దించుతుందిలే అనుకున్నాడు. దించలేదు.

టక్‌టక్‌టక్‌టక్...

కొళాయి కట్టేసినాడు. ఒక్క క్షణం ఇంజను ఊపిరి బిగబట్టింది. అంతే — రెట్టింపు జోరుతో ఎగిరి అందుకుంది. గోడలు అదిరినాయి. లాంతరు పడి ఆరిపోయింది. మిగిలింది ఆ ఎర్రటి బుడ్డి ఒక్కటే... దాని వెలుగులో గోడ మీద పట్టా నీడ. అది పట్టాలా లేదు. ఎవరో చేతులు చాపినట్టుంది.

తనేమీ మార్చలేదు! మార్చి ఉంటే తన తప్పేననుకునేవాడు. పాత గవర్నరు, పాత ఇంజను, కట్టేసిన కొళాయి. మరి తిప్పుతాండేది ఎవరు?

"గాదిలింగప్పా..." అన్నాడట. "నీ ఇంజను నాకొద్దప్పా... ఇడిసిపెట్టు..."

అప్పుడు తగిలింది ఆ వాసన.

శవం వాసన కాదు. సాంబ్రాణి వాసన కాదు. మిరపకాయ బజ్జీలు వేసేటప్పుడు బాణలిలోనుంచి వచ్చే కమ్మటి శెనక్కాయ నూనె వాసన!

దెయ్యం బజ్జీలు వేయదు గదా?

గురురాజ తొట్టిలో నానిన గోనెసంచి లాగి, ఇంజను గాలి పీల్చుకునే కంతలో కుక్కి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఇంజను దగ్గింది. గింజుకుంది. నిలబడిపోయింది.

లాంతరు వెలిగించి ఇంజను కడుపు విప్పినాడు. నిండా శెనక్కాయ నూనె.

వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే సిద్దక్క. ఒక చేతిలో దీపం, ఇంకో చేతిలో నూనె చెంబు.

"అమాస గదప్పా," అంది గుసగుసగా. "అమాసకు ఇంజను కడుపులో చెంబు నూనె పొయ్యాల. ఆయప్ప పోసేటోడు. ఇప్పుడు నేను పోస్తాండా. కిటికీలోంచి వచ్చి... ఆయప్పతో రెండు మాటలు మాట్లాడి పోతాండా."

గురురాజకు ఒక్కసారిగా అంతా వెలుగైంది. ప్రాణం దక్కిన సంబరం, గుట్టు పట్టిన సంబరం. ఆపుకోలేకపోయినాడు.

"దెయ్యం లేదు గియ్యం లేదక్కా! కడుపులో నూనె ఎక్కువైతే ఇంజను దాన్నే పీల్చుకుని తిరుగుతాది. కొళాయి కట్టినా ఆగదు. ఒక చెంబుకు ఏమీ కాదు, మీ ఆయప్పకు ఆ లెక్క తెలుసు. ఆ పొద్దు ఎవురో తెలీక ఇంకో చెంబు పోసినట్టుండాది, అందుకే..."

సిద్దక్క దీపం కింద పెట్టింది.

"ఆ పొద్దు ఆయప్ప కాళ్ళు కడుక్కోను పోయినాడు," అంది. "ఇంజను సల్లగుంటే ఆయప్ప సల్లగుంటాడని... ఇంకో చెంబు నేనే పోసినా."

కొట్టంలో కాగిన నూనె వాసన. ఇంజను ఇనుము చల్లారుతూ చిటపటమంటోంది.

గురురాజ ఇంజను కడుపు మూత మళ్ళీ బిగించినాడట. ఆ తర్వాత మెల్లగా అన్నాడు —

"లేదక్కా. నేను తప్పు చెప్పినా. నూనెకు అంత బలం యాడిది? ఇది గాలే, దెయ్యమే. నా కండ్లతో సూసినా... ఆ గోడ కాడ నిలబడినాది."

తెల్లారి సావుకారితో కూడా ఆ మాటే చెప్పినాడు.

"ఇంగ్లీషు పుస్తకం సదివినోడివి, దెయ్యానికి జడిసినావా? థూ!" అన్నాడు సావుకారి. కౌల్ బజారంతా నవ్వింది. గవర్నరు మారలేదు. ఇంజను మళ్ళీ నడవలేదు. గురురాజ చేతికి ఇంకెవురూ స్పానరివ్వలేదు. మోక దగ్గర సైకిలు పంక్చర్లు వేసుకుని బతికినాడు.

మిల్లు విడిచి పోయేముందు రహస్యంగా ఒక్క మార్పు మాత్రం చేసినాడు. ఇంజను కడుపు అడుగున బెజ్జం వేసి గొట్టం పెట్టినాడు. ఎప్పుడైనా ఎవరైనా ఆ ఇంజను తిప్పితే పానం పోకుండా, పోసిన నూనె పోసినట్టే కింది ఇసకలోకి దిగిపోవాలని. సిద్దక్క బతికినన్నాళ్ళూ ప్రతి అమాసకూ చెంబు పోస్తూనే ఉంది.

పోయినేడు ఆమె పోయింది.

"ఇంకేమప్పా భయం?" అన్నాను నేను. "ఇప్పుడైనా నలుగురికీ చెప్పరాదా? నువ్వు జడిసినోడివి కాదని తెలుస్తాది."

గురురాజ దుమ్ము లేపుకుంటూ వస్తున్న బస్సుకేసి చూసినాడు.

"దెయ్యం కాదని చెప్తే ఊరుకుంటారా అప్పా? మరి ఎవురు సంపినారని అడుగుతారు."