భోజనం మధ్యలో కాఫీ

"ఇవాళ మధ్యాహ్నం మనిషిని చంపబోతున్నారు," అంది మదాం బ్రోసార్ కిటికీ రెక్క మూస్తూ. "భోజనాల వేళకి."

గెయితాన్ మోర్వాన్ కోటు కూడా విప్పలేదు. "ఎవర్ని?"

లియాన్‌లో నది గట్టున, దుప్పట్ల దుకాణం మీదుండే ఆ గది గూఢచారి శాఖదని కింద దుకాణం వాడికే తెలియదు. శాఖకు బ్రోసార్ పెద్ద. ఆమె చేతిలో గెయితాన్ పాత కత్తి.

"అనతోల్ పెర్రూ. ఆయుధాల ఫ్యాక్టరీ ఇంజనీరు. మన డ్రాయింగులు బయటి దేశానికి చేరవేస్తున్న ముఠా నాయకుణ్ణి కళ్లారా చూసింది ఆయనొక్కడే. భోంచేసి నేరుగా జడ్జి దగ్గరికెళ్లి పేరు చెప్తాడు. ఆలోపే లేపెయ్యాలని ముఠా ఒక షూటర్‌ని దించింది."

"ఇంట్లో కూచోబెట్టండి."

"చెప్పి చూశా. గురువారం పేగుల సాసేజ్ తినకుండా బతకడం కూడా ఒక బతుకేనా అన్నాడు. అయినా ఇవాళ దాచితే రేపు చంపుతారు. నాకు షూటర్ తుపాకీతో సహా కావాలి." ఆమె సిగరెట్ వెలిగించింది. "పెర్రూ భోంచేసే చోటికి ఎదురు హోటల్లో వాడు ఏదో గదిలో ఉంటాడు. ఏ గదో తెలీదు. వాడికి పెర్రూ మొహం తెలీదు. చూపించాల్సింది ఇరేనా."

ఇరేనా రెండు పక్కలా పనిచేసే మనిషి. తమ మనిషని ముఠా అనుకుంటుంది, తన మనిషని బ్రోసార్ అనుకుంటుంది. చూసిన మగవాడు తలుపుకి గుద్దుకునేంత అందగత్తె.

"తన ఎర్ర స్కార్ఫ్ తీసి పెర్రూ భుజమ్మీద వేస్తే అదే గుర్తు. మనవాళ్లు గది కనిపెట్టేదాకా తియ్యనని మాటిచ్చింది. ఒకవేళ తీసిందా..."

"నేను అడ్డం పడాలి."

"పడతావా?"

"ఆఁ," అన్నాడు గెయితాన్, గొడుగు తెచ్చావా అని అడిగితే చెప్పినట్టు.

పోయిన చలికాలం అతని జోడీదారు యానిక్ సరిహద్దు రోడ్డుమీద అతని ఒళ్లోనే పోయాడు. అప్పట్నుంచీ కాలు తిమ్మిరెక్కినట్టు మనిషంతా తిమ్మిరెక్కిపోయాడు. గిల్లినా తెలియదు. భయం కూడా ఎక్కడో పక్కింట్లో మోగే ఫోనులా వినబడుతుంది, అంతే.

మధ్యాహ్నానికి గెయితాన్ వేషం మారింది: లారీ డ్రైవర్ మీసం, నూనె మరకల చొక్కా, చెవిలో వినికిడి యంత్రం. ఆ యంత్రంలోనే బ్రోసార్ గొంతు. ఫెర్నాంద్ అనే ఆవిడ నడిపే భోజనశాలలో పొడుగు బల్ల చివర కూర్చున్నాడు. అక్కడ ఎవరి బల్ల వాళ్లకుండదు. ఆ బల్ల చుట్టూ పెర్రూ, ఇరేనా, ఇద్దరు మేస్త్రీలు, ఒక పంతులు, గెయితాన్. ఎదుటి హోటల్ కిటికీలన్నిటికీ ఒకేలాంటి తెరలు.

ఫెర్నాంద్ సాసేజ్ పళ్లాలు బల్లమీద ఠప్పుమనిపించింది. "మొన్న కూర వదిలేసిపోయావ్ పెర్రూ. మళ్లీ వదిలావో, నీ మెడకు రుమాలు కట్టి నేనే తినిపిస్తా."

"కట్టవే తల్లీ. మా ఆవిడ పోయాక ఆ మాట అన్నవాళ్లు లేరు."

మేస్త్రీలు పళ్లికిలించారు. మందపాటి అడుగు సీసాలోని వైన్ చేతులు మారింది. ఇరేనా మెడలో స్కార్ఫ్ కదల్లేదు.

"కింది అంతస్తు చూశాం. లేడు," అంది చెవిలో గొంతు.

అప్పుడు ఇరేనా చెయ్యెత్తింది. "అఁ కఫే క్రెమ్, సిల్ వూ ప్లే."

పాల కాఫీ ఒకటి, దయచేసి. అంత మర్యాదగా అడిగినా బల్లంతా ఆగిపోయింది. పంతులు ఫోర్క్ గాలిలోనే ఉండిపోయింది.

"తీపి అయ్యాక ఇస్తా," అంది ఫెర్నాంద్.

"నాకిప్పుడే కావాలి."

"సాసేజ్‌తోనా? ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"అవును. మందేసుకోవాలి. వేడి పాలకాఫీతోనే వేసుకోమన్నాడు డాక్టరు. పెద్ద కప్పులో ఇవ్వండి."

"ఆ డాక్టరుది పారిస్సే అయ్యుంటుంది," అన్నాడు పెర్రూ. అందరూ నవ్వారు. ఫెర్నాంద్ ఏదో చావు కబురు మోస్తున్నట్టు గొణుక్కుంటూ కాఫీ యంత్రం దగ్గరికి వెళ్లింది.

గెయితాన్ నవ్వలేదు. ఇరేనా ఈ దేశంలో పదేళ్లుగా ఉంటోంది. ఇక్కడ కాఫీ భోజనం తర్వాత వస్తుందనీ, అది కూడా పాలు లేకుండా చిన్న కప్పులో వస్తుందనీ ఆమెకు బాగా తెలుసు. తెలిసీ పట్టుబడుతోందంటే ఆమెకు కావలసింది కాఫీ కాదు, కప్పు. ఈ వేళప్పుడు లియాన్ మొత్తం వెతికినా ఏ భోజనం బల్లమీదా పెద్ద తెల్లకప్పు ఉండదు. ఎవరి ముందుంటే వాడే పెర్రూ. వీధి అవతల్నుంచి గుడ్డివాడైనా గురి చూస్తాడు.

స్కార్ఫ్ కథ బ్రోసార్ కోసం అల్లింది.

"గుర్తు స్కార్ఫ్ కాదు, కప్పు," అన్నాడు గెయితాన్ మీసంలోకి.

"రెండో అంతస్తులో ఉన్నాం. ఇంకా గదులున్నాయి. ఎలాగైనా కాసేపు ఆపు!"

పెర్రూ మీదపడి కిందికి లాగేయొచ్చు. లాగితే తెర వెనక తుపాకీ సర్దుకుని వాడు వెళ్లిపోతాడు, రేపు ఇంకో కిటికీ వెతుక్కుంటాడు. కాఫీ యంత్రం బుస్సుమంది. ఫెర్నాంద్ కప్పు తెచ్చి ఇరేనా ముందు పెట్టింది. ఇరేనా వేలు కప్పు అంచుకి తగిలింది. కప్పు పెర్రూ వైపు మెల్లగా జరగసాగింది.

గెయితాన్ లేచాడు. "సిస్ కఫే క్రెమ్, సిల్ వూ ప్లే! బల్లంతటికీ నా తరపున ఆరు పాలకాఫీలు!"

"చచ్చినా ఇవ్వను," అంది ఫెర్నాంద్.

గెయితాన్ ఆగలేదు. యంత్రం మీద బోర్లించిన పెద్ద కప్పులను రెండు చేతులా పట్టుకొచ్చి, సాసేజ్ పళ్లాల పక్కన ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోయాడు. మేస్త్రీల ముందు చెరొకటి. పంతులు ముందొకటి. తన చోట ఒకటి. ఈలోపు ఇరేనా కప్పు పెర్రూ దగ్గరికి చేరనే చేరింది. ఖాళీవో నిండువో వీధి అవతలికి తెలియదు. బల్లంతా తెల్లకప్పులే.

"తాగొచ్చావా?" అని అరిచాడు ఒక మేస్త్రీ.

"నా ఎదుట, నా బల్లమీద!" అని మండిపడింది ఫెర్నాంద్.

గెయితాన్ తన కుర్చీలో కాక, పెర్రూకీ కిటికీకీ మధ్య నిలబడ్డాడు. వీపు హోటల్ వైపు. తూటా వస్తే ఎక్కడ దిగుతుందో లెక్క తెలుసు. గుండె మాత్రం మామూలుగానే కొట్టుకుంటోంది. అది బాగోలేదని అతనికి తోచింది, కానీ ఆ తోచడం కూడా దూరంగానే ఉంది.

ఎదుటి హోటల్లో ఒక తెర కొద్దిగా తొలిగింది. ఎవరిని కాల్చాలో తేలక, సరిగ్గా చూద్దామని తుపాకీ మీది దుర్భిణీని ముందుకు జరిపాడు షూటర్.

"మూడో అంతస్తు, మూల గది!" చెవిలో కేక. తలుపు పగిలిన చప్పుడు. బూటుకాళ్లు. చివరికి బ్రోసార్ గొంతు: "దొరికాడు. ట్రిగ్గర్ మీదే ఉంది వేలు."

ఇరేనా కుర్చీలో వెనక్కి వాలింది. గెయితాన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మావాళ్లకి చెప్పా," అందామె మెల్లగా. "ఇక్కడ ఆ వేళకి కాఫీ అడిగితే పెళ్లిలో ఏడ్చినట్టుంటుందని. వినలేదు. కాఫీ ఎక్కడైనా కాఫీయే, కప్పు దూరానికి బాగా కనిపిస్తుంది అన్నారు." తర్వాత అతని మొహంలోకి చూసింది. "నీకు భయం వెయ్యలేదా?"

"లేదు."

"అయ్యో," అంది. నిజంగానే జాలిపడినట్టుంది.

సాదా దుస్తుల్లో ఇద్దరు వచ్చి ఆమెను తీసుకెళ్లారు. పెర్రూకి సంగతి చెప్పారు. ఆయన పగలని కిటికీ అద్దం వైపు చూశాడు, ఎదుటి హోటల్ చూశాడు, సాసేజ్ ముక్క కోసుకున్నాడు. "జడ్జిగారిని కాసేపు ఆగమనండి. ఇంకా జున్ను రావాలి."

ఆఖరున షూటర్‌ని సంకెళ్లతో వీధిలోంచి నడిపించుకెళ్తుంటే ఫెర్నాంద్ గుమ్మంలోకొచ్చి ఇన్‌స్పెక్టర్ చొక్కా పట్టుకుంది.

"వాణ్ణి కావాలంటే వదిలేయండి బాబూ, వాడి పనేదో వాడు చేసుకుంటున్నాడు," అంది, గెయితాన్‌ని వేలు పెట్టి చూపిస్తూ. "ముందు వీణ్ణి లోపలెయ్యండి."