అవతలి మంట దగ్గర టీ

టీ ఆకు అడుగుకు దిగాలంటే బిల్లీని తట్టాలి. బిల్లీ అంటే ఏమీ లేదు, తీగ పిడి వేసిన రేకు డబ్బా. నీళ్లు తెర్లుతుండగా గుప్పెడు ఆకు వేసి, మంట మీంచి దించి, పుల్లతో డబ్బా పక్కన తట్టాలి. అప్పుడు పైన తేలే ఆకంతా నెమ్మదిగా కిందికి కూర్చుంటుంది. తొందరపడితే పళ్ల సందుల్లో ఆకే మిగులుతుంది. పంతులమ్మగా ఉన్నప్పుడు బళ్లో పిల్లలకు కూడా ఇలాగే చెప్పేదాన్ని. మా ఇంట్లో ఆ చప్పుడుకు ఇంకో పని కూడా ఉండేది. మూడు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. అంటే టీ అయింది, రండి అని. మా ఆయన లాయిడ్ ఎంత దూరంలో ఉన్నా వచ్చేసేవాడు.

ఒక సాయంత్రం నేను, లాయిడ్, అతని చెల్లెలు డల్సీ పాత బంగారు గనుల అవతల బండి ఆపాం. లాయిడ్ ఎప్పటిలా నడుముకు తన రేకు గ్లాసు వేలాడేసుకుని, కట్టెల కోసం ఎడమ వైపు పొదల్లోకి వెళ్లాడు. నేను దగ్గర్లో దొరికిన పుల్లలతో మంట వేసి బిల్లీ పెట్టాను. పొద్దు వాలింది. ఎర్రమట్టి నల్లబడింది. మనిషి రాలేదు. కుడి వైపంతా ఎప్పుడో తవ్వి వదిలేసిన గోతులు. వాటి చుట్టూ కంచె లేదు, లోపల అడుగు కనబడదు. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

"కట్టెలు తెమ్మంటే చెట్టు నాటి పెంచుతున్నట్టున్నాడు," అంది డల్సీ. "తట్టు వదినా. టీ అంటే పాతాళంలో ఉన్నా లేచొస్తాడు."

తట్టాను. టక్ టక్ టక్... టక్.

జవాబు వచ్చింది. కుడి వైపు నుంచి.

టక్ టక్ టక్... టక్.

"అన్నయ్య గ్లాసు మీద కొడుతూ నిన్ను ఏడిపిస్తున్నాడు."

"ఖాళీ గ్లాసు ఖంగుమంటుంది డల్సీ. ఇది నిండిన డబ్బా చప్పుడు."

ఈసారి నేను తట్టలేదు. అయినా వినబడింది. దాని వెనకే చీకట్లోంచి లాయిడ్ గొంతు.

"వస్తున్నానే... వస్తున్నా..."

ఆ గొంతు మాకు దూరంగా నడిచిపోతోంది.

ఇద్దరం గొంతు చించుకుని పిలిచాం. మేం అరిచే కొద్దీ ఆ తట్టడం పెరిగింది.

"వదినా," డల్సీ నా చెయ్యి పట్టుకుంది. "అక్కడ మంట లేదు."

నిజమే. వెలుగు లేదు... పొగ లేదు. అప్పుడు తోచింది. గాలి అటే వీస్తోంది, మన మంట వాసనైనా అతనికి చేరుతుంది. పచ్చి నీలగిరి కొమ్మలు దొరికినన్ని విరిచి మంటలో కుక్కాను. తెల్లటి పొగ లేచింది. ఆ ఘాటుకు కళ్లు మండాయి. పొగ నేలను పాకుతూ గోతుల వైపు పోయింది.

తట్టడం ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు... తరువాత అడుగులు.

లాయిడ్ వచ్చాడు. చేతిలో ఒక్క కట్టె లేదు, గ్లాసు మాత్రం ఉంది. "ఈ వాసన ముక్కుకు తగిలి ఆగానే," అన్నాడు మెల్లగా. "చూస్తే కాలి ముందే గొయ్యి."

టీ పోద్దామని బిల్లీ ఎత్తాను. అతను గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్లీ ఎందుకే? ఇందాకేగా పోశావు."

గ్లాసు లాక్కుని చూశాను. వెచ్చగా ఉంది. ఒక గుక్క మిగిలి ఉంది. ఒక్క ఆకూ తేలడం లేదు. అంతా చక్కగా అడుగున కూర్చుని ఉంది.

ఇప్పుడు ఊళ్లో ఉంటున్నాం. వంటగదిలో నేను డబ్బా తట్టగానే లాయిడ్ లేస్తాడు. నా వైపు రాడు. పెరటి తలుపు వైపు వెళ్తాడు. అందుకే ముందు గడియ పెట్టి, తరువాతే టీ పెడతాను.

నిన్న సాయంత్రం ఒంట్లో బాగాలేక నేను టీ పెట్టనేలేదు.

అయినా లేచాడు. "వస్తున్నానే," అన్నాడు.